చేపల చీటీల జీవరాజు

"ఏమయ్యా, కుంటలో వెయ్యకముందే ఈ చేపలు ఎలా చచ్చాయి?"

1949 ఫిబ్రవరిలో, బొల్లారంలో, మూడో కుంట గట్టు మీద నిలబడి సదాశివ గారు అడిగిన ప్రశ్న ఇది. ఆయన మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన చేపల అధికారి. అడిగించుకున్నవాడు జీవరాజు, ఆ కుంటల దగ్గర రోజుకూలీ మీద పనిచేస్తున్న ల్యాబొరేటరీ అటెండరు. అధికారి చేతిలో రెండు చీటీలున్నాయి. ఒకదాని మీద "9-12. మూడో కుంటలో రాగండి అరవై వేసినాము" అని ఉంది. రెండోదాని మీద "20-9. మూడో కుంట. వేసిన రాగండిలో ముప్పై ఒకటి చచ్చినవి" అని ఉంది. మూడో కుంట తవ్విందే 1948 వేసవిలో. అంటే ఆ సెప్టెంబరు ఇరవైన చచ్చిపోయిన చేపలను డిసెంబరు తొమ్మిదిన తెచ్చి కుంటలో వేశారన్నమాట.

జీవరాజు రెండు చీటీలనూ తిప్పి తిప్పి చూశాడు. రెండూ తన చేతిరాతే. రెండూ నిజమేనని కూడా ఆయనకు గట్టిగా తెలుసు. రెండూ కలిపి ఎలా నిజమో మాత్రం తెలియలేదు.

"నాకూ అర్థం కావడం లేదండి" అన్నాడు.

"రాసినవాడివి నువ్వే కదా?"

"నేనేనండి. అందుకే అర్థం కావడం లేదు."

సదాశివ గారు నవ్వలేదు. నెలాఖరులోగా ఆయన పైకి ఒక నివేదిక పంపాలి. పాత హైదరాబాదు సర్కారు చేపల శాఖలో ఎవరిని ఉంచాలి, ఎవరిని ఇంటికి పంపాలి అన్నది అందులో తేలుతుంది. ఏడాదిపాటు విడవకుండా పనిచేసినట్టు రుజువుంటే రోజుకూలీవాడిని ఖాయం చెయ్యవచ్చు. దొంగ లెక్కలు రాసినట్టు తేలితే ఆ రోజే పంపెయ్యవచ్చు. పంపేస్తే కుంటల పక్కనున్న రెండు గదుల సర్కారు ఇల్లు కూడా పోతుంది. జీవరాజుకు భార్య, ఇద్దరు ఆడపిల్లలు. హాజరు పట్టీ లేదు, దాన్ని రాసే గుమాస్తా లేడు, సంతకం పెట్టే శాఖ పెద్ద లేడు. జీవరాజు పనిచేశాడనడానికి లోకంలో మిగిలిన రుజువు ఒక గోనెసంచి నిండా చీటీలు. వాటిలో చేపలు చచ్చిన తర్వాత నీళ్ళలోకి దిగుతున్నాయి.

జీవరాజు పుట్టింది సికింద్రాబాదులో. తండ్రి దేవానందం నరసాపురం వైపు నుంచి వచ్చి బొల్లారంలో ఒక దొర ఇంట్లో వంట చేశాడు. కొడుకు మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివి, ఒక ఆసుపత్రిలో గాజు పలకలు కడిగే పనికి కుదిరాడు. అక్కడే సూక్ష్మదర్శిని కింద నెత్తురు చూడటం అబ్బింది. ముప్పై ఒకటో ఏట, 1947 అక్టోబరులో, సర్కారు కొత్తగా తెరిచిన చిన్న చేపల పరిశోధన శాఖలో చేరాడు. చేరడానికి కారణం రోజుకు రూపాయి పావలా కూలీ, పైన చెప్పిన రెండు గదుల ఇల్లు. ఇలాంటి మనుషుల గురించి రాసేటప్పుడు "చేపలను కన్నబిడ్డల్లా చూసుకున్నాడు" అని రాయడం మనకు ఆనవాయితీ. జీవరాజు తన బిడ్డలను ఎన్నడూ తూకం వేసి ఉప్పునీళ్ళలో ముంచలేదు.

శాఖకు పెద్ద డాక్టర్ ఖమరుద్దీన్ సాహెబ్. ఆయనకు కావలసినవి రెండే. కుంటల్లో పెంచే చేపలకు జబ్బులు ఎందుకు వస్తాయి అన్నది ఒకటి. పొలం గట్ల మీద తిరిగే ఎండ్రకాయ ఎన్నాళ్ళకోసారి పెంకు విడుస్తుంది అన్నది రెండోది. ఎండ్రకాయ ఒళ్ళు పెరుగుతుంది గాని పెంకు పెరగదు. ఇరుకైనప్పుడల్లా పాత పెంకు పగలగొట్టుకుని మెత్తటి ఒంటితో బయటికి వస్తుంది, కొత్త పెంకు గట్టిపడేదాకా ఏ రాయి సందులోనో దాక్కుంటుంది. వేడి నీళ్ళలో ఈ పని తొందరగా జరుగుతుందని, చలిలో నెలల తరబడి ఆగుతుందని డాక్టరు అనుమానం. దాన్ని లెక్కలతో తేల్చాలని ఆయన ఇరవై ఎండ్రకాయలకు నెంబర్లు వేసి, ఒక్కోదాన్ని ఒక్కో మట్టితొట్టిలో పెట్టించాడు.

ఈ వ్యవహారమంతా భద్రయ్యకు వినోదంగా ఉండేది. భద్రయ్య బెస్తవాడు, శాఖకు వల లాగేవాడు.

"జలుబు జేస్తే చేప తుమ్ముతదా సార్?" అని డాక్టరునే అడిగాడు ఒకసారి.

"తుమ్మదు. నీళ్ళ పైకొచ్చి నోరు తెరుస్తది. చూడలేదా?"

"గది రోజూ జూస్త. ఆకలైతుందేమో అనుకున్న. బీమారని నాకేమెర్క!"

జీవరాజుకు మాత్రం ఎరుక పట్టింది. తెల్లవారుజామున నీటి పైకి వచ్చి గుటకలు వేసే చేప గాలి చాలక అల్లాడుతోందని, మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలని, మట్టిరంగుకు తిరిగితే రెండు రోజుల్లో పోతుందని నేర్చుకున్నాడు. ఎండ్రకాయ కాలి సందు నుంచి తీసిన నెత్తురు మొదట నీళ్ళలా ఉండి, గాలి తగిలాక నీలంగా మారడం చూసి మొదటిసారి గాజు పలక జారవిడిచాడు. రెండోసారి జారవిడవలేదు.

రోజుకొక చీటీ రాయాలి. డాక్టరు ఆజ్ఞ స్పష్టం. "పహ్లే నీళ్ళ వేడి రాయి జీవరాజ్. తర్వాత తారీఖు. తర్వాత నీకు కనిపించింది. నువ్వు అనుకున్నది రాయకు, అది నాకొద్దు."

జీవరాజు అలాగే రాశాడు. చిక్కు వచ్చింది తారీఖుతో.

శాఖ దఫ్తర్ హైదరాబాదు నగరంలో ఉండేది. అక్కడ సర్కారు కాగితం ప్రతిదీ ఫస్లీ తేదీలతో నడిచేది. ఆ లెక్కన సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలై, సెప్టెంబరులో వచ్చే ఆబాన్‌తో ముగుస్తుంది. కుంటలు సికింద్రాబాదు అవతల బొల్లారంలో ఉన్నాయి. అక్కడ నూటికి పైగా ఏళ్ళు తెల్లదొరల పల్టన్ల లెక్కలే చెల్లాయి, అంతా జనవరి, ఫిబ్రవరి. జీవరాజు సైకిల్ మీద ట్యాంక్‌బండ్ దాటితే తేదీ మారిపోయేది. దఫ్తర్ తొట్ల దగ్గర ఉన్న రోజు ఫస్లీ తేదీ, కుంటల దగ్గర ఉన్న రోజు ఇంగ్లీషు తేదీ వేసేవాడు. నెలల పేర్లు రాసే ఓపిక లేక అంకెలు వేసేవాడు. పన్నెండు అంటే అక్కడ ఆబాన్, ఇక్కడ డిసెంబరు. సంవత్సరం రాయలేదు. ఈ ఏడు ఏ ఏడో ఎవరికి తెలియదు అనుకున్నాడు.

ఇందులో ఆయనకు గందరగోళమేమీ కనిపించలేదు. రెండు జేబుల్లో రెండు రకాల నాణేలు పెట్టుకుని, ఏ దుకాణంలో ఏది చెల్లుతుందో తడుముకోకుండా తీసే ఊళ్ళో, తేదీలు రెండు రకాలుగా ఉండటం విడ్డూరం కాదు. పైగా చీటీలను రాసిన వరసలోనే సూదితో దారానికి గుచ్చేవాడు. దారం తెగనంతకాలం ఏ తేదీ ఏదో డాక్టరుకూ తెలుసు, జీవరాజుకూ తెలుసు.

1948 జూన్ నుంచి కూలీ ఆగింది. ఖజానా నుంచి పైకం రాలేదని గుమాస్తా చెప్పాడు. ఆగస్టులో కూడా అదే చెప్పాడు. సెప్టెంబరులో చెప్పడానికి గుమాస్తా లేడు, హాజరు పట్టీ కూడా లేదు.

సెప్టెంబరు పదమూడున ఇండియా ఫౌజు హైదరాబాదు సరిహద్దులు దాటింది. పద్నాలుగున డాక్టరు సాహెబ్ జీవరాజును పిలిచి, తొట్లలో ఉన్న అరవై రాగండి పిల్లలనూ, ఎండ్రకాయలనూ, చీటీల దండలనూ బొల్లారం తీసుకుపొమ్మన్నాడు. నగరంలో నీళ్ళు ఎన్నాళ్ళు వస్తాయో తెలియదన్నాడు.

"మీరెప్పుడొస్తారు సార్?"

"చేపలు ముందు పోనీ" అన్నాడు డాక్టరు. అది జవాబో కాదో జీవరాజుకు ఇప్పటికీ తెలియదు.

రేకు డబ్బాల్లో చేపలు, బుట్టల్లో ఎండ్రకాయలు, గోనెసంచిలో చీటీలు పెట్టుకుని జట్కా ఎక్కాడు. దారి కాపలావాళ్ళు మూడు చోట్ల ఆపారు. మొదటిచోట ఆపినవాళ్ళు డబ్బా మూత తీసి చూసి, జబ్బులకు వైద్యం చేసే సర్కారు చేపలని విని, "గీ లడాయిల చేపలకు ఇలాజ్ ఏందిరా?" అన్నారు. రెండోచోట ఆపినవాళ్ళకు చేపలు కనిపించలేదు, గోనెసంచే కనిపించింది. చీటీలన్నీ సంకేతాలేమోనని ఒకడు అనుమానపడ్డాడు.

"ఎండ్రకాయ ఏడు తిండి ముట్టలేదు... ఎవడు ఈ ఏడో నెంబరు?"

"ఎండ్రకాయే."

"అసలు పేరు చెప్పు."

"దానికి పేరు లేదు భాయ్."

బుట్ట మూత తీసి చూపిస్తే గాని వదలలేదు. మూడోచోట ఎందుకు ఆపారో ఆపినవాళ్ళకే తెలియదు. మూడు గంటల ప్రయాణం ఏడు గంటలు పట్టింది. దారిలో నీళ్ళు మార్చనివ్వలేదు. ఇరుకు డబ్బాల్లో చేపలు ఒకదానికొకటి ఒరుసుకుని పొలుసులు రాల్చుకున్నాయి. ఒక డబ్బా కారి గోనెసంచి తడిసి ముద్దయింది. బొల్లారం చేరేసరికి దండల దారాలు తెగి ఉన్నాయి.

మర్నాడు జీవరాజు భార్య ఆలిస్ ఆ తడి చీటీలను నులకమంచం మీద వడియాల్లా పరిచి ఎండబెట్టింది. ఆమె మిషన్ బడిలో లెక్కల పంతులమ్మ. ఎండిన చీటీలను శుభ్రంగా దులిపి, మూలలు సరిచేసి, మళ్ళీ సంచిలో నింపింది. వరస అన్నది ఒకటి ఉండేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాడు అప్పుడు మూడో కుంట దగ్గర నీళ్ళలో మోకాలి లోతున ఉన్నాడు.

పద్దెనిమిదిన ఫౌజు సికింద్రాబాదులోకి వచ్చింది. బొల్లారం రోడ్డు మీద బండ్ల మోతకు కుంటల నీళ్ళు వణికాయి. ఒక సిపాయి గట్టెక్కి వచ్చి ఉర్దూలో అడిగాడు, చేపలు ఎవరివని.

"సర్కార్‌వి" అన్నాడు జీవరాజు.

"ఏ సర్కార్‌వి?"

జీవరాజు ఆలోచించాడు. నిన్నటి సర్కారా, ఈ రోజు సర్కారా, చేపలకు తవుడు కొన్న సర్కారా? సిపాయి నవ్వి వెళ్ళిపోయాడు. ఆ రోజుల గురించి తర్వాత చాలామంది చాలా గట్టిగా మాట్లాడారు. విముక్తి అన్నవాళ్ళకూ, పతనం అన్నవాళ్ళకూ ఆ పూటే అంతా అర్థమైపోయిందట. బొల్లారంలో కుంట గట్టు మీద నిలబడినవాడికి అర్థమైంది ఒక్కటే. చేపల ఒంటి మీద తెల్లటి బూజు పడుతోంది. తోక దగ్గర దూదిపింజల్లా మొదలై వీపు మీదికి పాకుతోంది. ఇరవయ్యో తేదీకి ముప్పై ఒకటి వెల్లకిలా తేలాయి. జీవరాజు చీటీ రాసి సంచిలో వేశాడు.

డాక్టరు సాహెబ్ మళ్ళీ రాలేదు. ఔరంగాబాదులో అత్తవారింట్లో ఉన్నాడని ఒకరు, కరాచీ వెళ్ళాడని ఒకరు, నగరంలోనే గడప దాటకుండా ఉన్నాడని ఒకరు చెప్పారు. జీవరాజు దఫ్తర్‌కు వెళ్ళి చూస్తే తాళం వేసి ఉంది. ఎవరూ పని ఆపమనలేదు, చెయ్యమనలేదు. ఆయన చేస్తూ పోయాడు. కొన్నాళ్ళు అలవాటు కొద్దీ దఫ్తర్ తేదీలు, కొన్నాళ్ళు ఇంగ్లీషు తేదీలు వేశాడు. నవంబరు నుంచి, గోడ మీద మిషన్ వాళ్ళ క్యాలెండరు తప్ప ఇంకేదీ లేక, పూర్తిగా ఇంగ్లీషులోకి వచ్చాడు. ఇవన్నీ ఆయన ఒక పద్ధతి ప్రకారం చెయ్యలేదు. అడిగితే, "చేతికి ఏది వస్తే అది" అంటాడు.

ఫిబ్రవరిలో సదాశివ గారు వచ్చి, సంచిలోని నాలుగు వందల పన్నెండు చీటీలనూ బల్ల మీద గుమ్మరించి, జనవరి మొదలు డిసెంబరు దాకా పేర్చాడు. మద్రాసు మనిషికి ఇంకో లెక్క ఉంటుందని తోచలేదు. ఆ వరసలో చదివితే చేపలు చచ్చి పుట్టాయి. ఎండ్రకాయలు ఇంకా ఘోరం.

"పద్నాలుగో నెంబరు పీత 2-12న పెంకు విడిచింది. 11-12న మళ్ళీ విడిచింది. తొమ్మిది రోజుల్లో రెండుసార్లు! ఇంత ఈడొచ్చిన పీత అలా విడవడం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నువ్వు చదివావా?"

"నేను చదవలేదండి. చూశాను."

"ఏం చూశావు?"

"రెండుసార్లు విడవడం చూశాను."

"తొమ్మిది రోజుల్లోనా?"

జీవరాజు వేళ్ళు లెక్కపెట్టాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మధ్యలో ఆగిపోయాడు. "తొమ్మిది కాదేమోనండి. చాలా రోజులు పట్టినట్టే గుర్తు. కానీ చీటీలో తొమ్మిదే ఉంది."

సదాశివ గారు సాక్ష్యం కోసం భద్రయ్యను పిలిపించాడు. మూడో కుంటలో చేపలు ఎప్పుడు వేశారని అడిగాడు.

"ఫౌజు రాకముందు సార్."

"తేదీ?"

"ఏందీ సార్ గిట్ల అడుగుతరు? తారీఖులన్ని జీవరాజుకే ఎర్క. నేను వల గుంజేటోణ్ణి. వానలు వడుతున్నయి. డబ్బాలు దించేతందుకు నన్ను పిలిచిండు, నా దోతి అంత గలీజైంది."

"డిసెంబరులో వానలా?"

"డిసెంబర్ల వానలెందుకు పడ్తయి?" అన్నాడు భద్రయ్య, ఈ ఆఫీసరుకు వానల సంగతి సుత తెలియదా అన్నట్టు చూసి.

సాక్ష్యం జీవరాజుకు అనుకూలమో ప్రతికూలమో ఎవరికీ తేలలేదు. సదాశివ గారు కాగితం మీద "చీటీలు నమ్మదగినవి కావు" అని సగం రాసి, కలం ఆపాడు. ఆయన కఠినుడే గాని తొందరపాటు మనిషి కాదు. "పోనీ, ఈ 11-12 చీటీ రాసిన రోజు ఏం జరిగిందో చెప్పు. పీత సంగతే చెప్పు, తేదీ వద్దు" అన్నాడు.

తేదీ వద్దనేసరికి జీవరాజుకు నోరు వచ్చింది.

"పొద్దుటే వీపు మీద పెంకు పగిలిందండి. మామూలుగా పావుగంటలో బయటికి వస్తుంది. అది మధ్యాహ్నం దాకా సగంలోనే ఉండిపోయింది. చలికి బిగుసుకుపోయింది. తొట్టిలో చెయ్యి పెడితే నా వేళ్ళు కొంకర్లు పోయాయండి. క్రిస్మస్‌కని తీసి ఉంచిన కోటు వేసుకుని పక్కన కూర్చున్నాను. ఆలిస్ తిట్టింది, కోటుకు నీచువాసన పడుతుందని."

"మరి 2-12 నాడు?"

"అప్పుడు చలి ఎక్కడిదండీ? అది దఫ్తర్‌లో. ముసురు. చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది. పెంకు ఇట్టే విడిచేసింది."

సదాశివ గారు రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టాడు. డాక్టరు ఆజ్ఞ ప్రకారం తేదీకి ముందు నీళ్ళ వేడి రాసి ఉంది. ఇంతవరకూ ఆ అంకెను ఎవరూ పట్టించుకోలేదు. 2-12 చీటీ మీద ఎనభై ఫారన్‌హీట్ డిగ్రీలు. 11-12 చీటీ మీద అరవై ఆరు.

"తొమ్మిది రోజుల్లో పద్నాలుగు డిగ్రీలు పడిపోవడానికి ఇదేమన్నా సిమ్లానా?" అన్నాడు తనలో తాను. తర్వాత పైకి, "దఫ్తర్‌లో పన్నెండో నెల అంటే ఏమిటయ్యా?"

"ఆబాన్ అండి."

"అది ఎప్పుడొస్తుంది?"

"సెప్టెంబరులో అండి."

"ఈ ముక్క పొద్దున ఎందుకు చెప్పలేదు?" అన్నాడు సదాశివ గారు.

"మీరు అడగలేదండి" అన్నాడు జీవరాజు. తెలిసి దాచింది కాదు. ఆయన బుర్రలో ఆ రెండు లెక్కలు ఎప్పుడూ ఒకదాని పక్కన ఒకటి కూర్చోలేదు. ఒకటి బండ్‌కు ఆ వైపు, ఒకటి ఈ వైపు.

తర్వాత మూడు రోజులు ఇద్దరూ నేల మీద కూర్చుని చీటీలను మళ్ళీ పేర్చారు. ఈసారి ముందు నీళ్ళ వేడి చూశారు. 9-12 చీటీలో నీళ్ళు ఎనభై డిగ్రీలు. డిసెంబరు కాదు, ఆబాన్. అంటే సెప్టెంబరు పద్నాలుగు, జట్కా ప్రయాణం చేసిన రోజు. పొద్దున దఫ్తర్‌లో ఉన్నవాడు కుంట దగ్గర కూడా అక్కడి తేదీయే వేశాడు. చేపలు చచ్చింది ఆరో రోజున. ఆ మధ్య రోజుల చీటీల మీది బూజు వర్ణన చదివి సదాశివ గారు తల ఊపాడు. పొలుసు ఊడిన చోట బూజు పట్టి చేపను చంపడానికి సరిగ్గా అన్ని రోజులే పడుతుందని ఆయనకు తెలుసు. "ఇది కల్పించి రాయాలంటే నాకైనా పుస్తకం కావాలి" అన్నాడు. పద్నాలుగో ఎండ్రకాయ మూడు నెలలకోసారి పెంకు విడిచే మర్యాదగల ఎండ్రకాయగా మారింది. వేసవి చీటీల్లో చేపలు ఎక్కువ తిన్నాయి, చలి చీటీల్లో తిండి వదిలేశాయి. డాక్టరు అనుమానపడినట్టే ఉంది లెక్క. ఆ మాట చెప్పడానికి డాక్టరు లేడు.

మూడో రోజు మధ్యాహ్నానికి మూడు వందల డెబ్బై ఒక్క చీటీలు తమ తమ రోజుల్లో కూర్చున్నాయి. నలభై ఒకటి మిగిలాయి.

అవన్నీ తొమ్మిది, పది నెలల చీటీలు. ఫస్లీ లెక్కలో జూన్, జూలై కావాలి. ఇంగ్లీషు లెక్కలో సెప్టెంబరు, అక్టోబరు. వానాకాలం మొదలైనా ముగిసినా నీళ్ళ వేడి ఎనభై, ఎనభై ఒకటే. వాటిలో చావుల్లేవు, బూజుల్లేవు, పెంకులు విడవడాల్లేవు. అన్నింటి మీదా ఒకటే మాట, "తవుడు వేసినాము. అన్నీ బాగున్నవి." బాగున్న రోజులకు గుర్తులు ఉండవు.

సదాశివ గారు ఆ నలభై ఒకటినీ జీవరాజు ముందు పెట్టాడు. జూన్, జూలైల్లోనూ ఖాళీలున్నాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ ఖాళీలున్నాయి. ఒకవైపు ఖాళీ నింపితే, రెండోవైపు ఖాళీ గురించి, ఎండ్రకాయల బొరియలు వెతకడానికి ఊళ్ళు తిరిగాడని, ఆ రోజుల్లో చీటీ రాయలేదని సర్దవచ్చు. ఫౌజు వచ్చిన తర్వాతి రోజులు నిండితే చాలు, ఏడాది నిండుతుంది.

"ఆలోచించి చెప్పు" అన్నాడు సదాశివ గారు. "ఇవి సెప్టెంబరు, అక్టోబరువేనా?"

ఆ అధికారి తలుపు తెరిచి పట్టుకున్నాడని గదిలో కూర్చున్న భద్రయ్యకు కూడా తెలిసింది. "జెర యాది జేస్కో రాజూ" అన్నాడు గట్టిగా దగ్గి.

జీవరాజు ఒక్కో చీటీనీ తీసి చూశాడు. తవుడు, తవుడు, తవుడు. ఏ రోజు వేసిన తవుడు అది? ముసురు పట్టిన ఒక పొద్దు గుర్తొచ్చింది. అది ఫౌజుకు ముందో వెనకో గుర్తు రాలేదు. ఆ ఏడు ఆయనకు ముందూ వెనకా కలిసిపోయాయి. ఎవరిని తలుచుకున్నా, ఏ రోడ్డు తలుచుకున్నా, అప్పుడు సర్కారు ఎవరిదో పోల్చుకోలేకపోయాడు.

"తెలియదండి" అన్నాడు.

"కొన్నైనా?"

"కొన్ని అవి, కొన్ని ఇవి అయ్యుంటాయి. ఏవి ఏవో తెలియదండి."

దీన్ని నిజాయితీ అని పొగిడితే జీవరాజే ఒప్పుకోడు. నువ్వు అనుకున్నది రాయకు అని డాక్టరు చెప్పిన మాట ఆ క్షణాన గుర్తొచ్చి ఉంటే కథ అందంగా ఉండేది. గుర్తు రాలేదు. ఆయనకు నిజంగానే తెలియలేదు. తెలియదని చెప్పాక దాని ఖరీదు ఎంతో ఇంటికి వెళ్ళాక తెలిసింది.

"తెలియకపోతే మాత్రం?" అంది ఆలిస్. "ఆయన అడిగింది అవునా కాదా అని. అవును అనడానికి నోరేమైంది?"

"కాకపోతేనో?"

"కాకపోతే ఏ చేప వచ్చి సాక్ష్యం చెబుతుందండీ? రేపు ఇల్లు ఖాళీ చెయ్యమంటే పిల్లల్ని తీసుకుని మౌలాలీలో మా అన్నయ్య గుమ్మం ఎక్కాలి. అప్పుడు మా వదినకు చెప్పండి, తెలియదూ అని."

కాసేపటికి ఆలిస్ మంచం మీద కూర్చుని, "ఆ రోజు వరస చెడగొట్టింది నేనే కదూ" అంది.

"దారాలు అప్పటికే తెగాయి."

"నిజంగానా?"

"తెలీదు ఆలిస్."

ఆమెకు నవ్వు వచ్చింది, కోపం పోలేదు. పొద్దున బడికి వెళ్తూ దారిలో కుంటల దగ్గర ఆగి, సదాశివ గారిని తానే అడిగింది. "అయ్యా, జూన్‌లో చేసినా, అక్టోబరులో చేసినా, నలభై ఒక్క రోజులు చేసినట్టే కదండీ. జూన్ నుంచి ఎప్పటి కూలీ కూడా ఇవ్వలేదు. ఎటు తిప్పినా నలభై ఒకటే కదా?"

"లెక్క సరిగ్గానే ఉందమ్మా" అన్నాడాయన. "కానీ ఏ నెల పద్దులో రాయను? నెల లేకుండా రాస్తే ఆడిటు వాళ్ళు నన్ను పట్టుకుంటారు."

మార్చిలో ఉత్తర్వు వచ్చింది. చీటీలు కల్పితం కావని, వాటిలోని సమాచారం పరిశోధనకు పనికివస్తుందని అందులో రాశారు. దొంగ అనే మాట పోయింది, ఇల్లు నిలిచింది. కానీ రెండు చోట్లా ఖాళీలున్నందువల్ల ఏడాది పాటు విడవని సేవ రుజువు కాలేదు. జీవరాజును ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త మనిషిగా తీసుకున్నారు, పదిహేడు నెలల వెనకటి పని లెక్కలోకి రాలేదు. తేదీ తేలిన రోజుల కూలీ మేలో ఇచ్చారు. తేలని నలభై ఒక్క రోజులది "తేదీ నిర్ధారణ అయ్యేవరకు" అని పక్కన పెట్టారు.

జీవరాజు ఆ కుంటల దగ్గరే మరో ఇరవై మూడేళ్ళు పనిచేశాడు. కొత్త చీటీల మీద నెల పేరు, సంవత్సరం పూర్తిగా రాసేవాడు. కొన్నిసార్లు వారం కూడా రాసేవాడు. ఒక పరిశోధకుడు అడిగితే ఎండ్రకాయ కాలి సందు నుంచి నెత్తురు తీసి చూపేవాడు. ఫౌజు వచ్చిన రోజుల గురించి అడిగితే మాత్రం, "అప్పుడు చేపలకు బూజు పట్టింది" అని అక్కడితో ఆపేవాడు. అంతకు మించి ఏం జరిగిందో ఆయన ఇప్పటికీ తేల్చుకోలేదు.

1956లో హైదరాబాదు రాష్ట్రం పోయింది, దస్త్రం ఇంకో కార్యాలయానికి మారింది. నలభై ఒక్క రోజులకు రోజుకు రూపాయి పావలా చొప్పున, పాత హైదరాబాదు నాణెమైన హాలీ సిక్కాలో, యాభై ఒక్క రూపాయల నాలుగణాలు జీవరాజుకు ఇంకా రావాలి.